స్థానికేతరుని వేట చీటీ

సెప్టెంబరు మాసం ప్రవేశించగానే ఉత్తర అమెరికా పశ్చిమభాగాన, రాకీ పర్వతాలలో, ఒక వింత నాదం వినవస్తుంది. తెల్లవారుజామున అడవి అంచున, మంచు పట్టిన పచ్చిక బయళ్ల మీదుగా, మొదట గంభీరంగా లేచి, క్రమంగా వేణునాదమంత సన్నమై, చివరకు రెండు మూడు హుంకారాలతో ముగిసే కేక అది. ఆ కేక వేసేది మగ ఎల్క్. జింక జాతిలో చాలా పెద్ద మృగాలలో ఇది ఒకటి. మన నల్లమల అడవులలోని కణుజుకు చుట్టము. ఎదిగిన మగది మూడువందల కిలోల బరువు తూగుతుంది. ఏటేటా రాలి, ఏటేటా మళ్లీ మొలిచే దాని కొమ్ములు చూచినవారిని నిశ్చేష్టులను చేస్తాయి. ఐరోపాలో ఎల్క్ అన్న పేరు వేరొక మృగానిది. వలస వచ్చిన ఆంగ్లేయులు పొరబాటున ఆ పేరు దీనికి పెట్టినారు. అక్కడి ఆదివాసుల మాటలో దీని పేరు వాపిటి, అనగా తెల్లని పిరుదులు గలది.

ఆ మృగాన్ని వేటాడడానికి కావలసిన ఒక చిన్న చీటీ ఈనాటి మన ప్రసంగ విషయం. అమెరికాలో దానిని ట్యాగు అంటారు. వేటాడిన మృగానికి ఆ చీటీని తగిలించవలసి ఉంటుంది. చీటీ లేని వేట నేరం. ఆ చీటీ అదే రాష్ట్రంలో నివసించేవానికి ఒక విధంగానూ, పొరుగు రాష్ట్రం నుండి వచ్చేవానికి వేరొక విధంగానూ లభిస్తుంది. రెండవవాని పాట్లు వర్ణనాతీతం.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత వినోదం కోసం వేటాడడమన్నది గతకాలపు ముచ్చట అయినది. కనుక ఎక్కడో వేట చీటీ దొరకక వాపోయేవాని గోడు మనకెందుకని శ్రోతలలో కొందరికి తోచవచ్చును. అయితే స్థానికుడు, స్థానికేతరుడు అన్న మాటలు తెలుగువారికి చిరపరిచితాలు. హైదరాబాదు రాజ్యంలోని ముల్కీ నిబంధనలు మొదలుకొని 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వరకు, ఉన్న కొద్దిపాటి అవకాశాలలో ఊరివాని వాటా ఎంత, పొరుగువాని వాటా ఎంత అన్న ప్రశ్న మన ఇళ్లలోనే తండ్రులను, కొడుకులను నిద్రకు దూరం చేసినది. అదే ప్రశ్నను వేరొక దేశం వేరొక వస్తువు విషయంలో ఎట్లా ఎదుర్కొన్నదో తెలుసుకోవడం వృథా కాబోదు.

అడవి మృగం ఎవరి సొత్తు? ఇంగ్లండులో అది రాజుగారిదో, భూస్వామిదో. అమెరికా ఆ ఆచారాన్ని నిరాకరించినది. అక్కడ మృగం ప్రజల సొత్తు. దానికి ధర్మకర్త రాష్ట్ర ప్రభుత్వం. 1896లో ఆ దేశపు సుప్రీంకోర్టు గీర్ అనువాని కేసులో ఈ సిద్ధాంతాన్ని ఖాయపరచినది. 1979లో ఓక్లహోమా రాష్ట్రపు చిన్న చేపలను గురించిన కేసులో రాష్ట్రానిది నిజమైన యాజమాన్యం కాదని అదే న్యాయస్థానం తన మాటను సవరించుకొన్నది. అయినను సంరక్షణ బాధ్యత మాత్రం రాష్ట్రాల చేతిలోనే మిగిలినది. ప్రజల సొత్తు అన్నప్పుడు ఏ ప్రజలు అన్న చిక్కు అప్పుడే పుట్టినది.

ఆ సొత్తు ఒకప్పుడు పూర్తిగా హరించిపోవలసినది. తెల్లవారు అడుగు పెట్టకముందు ఖండమంతటా లక్షోపలక్షలుగా తిరుగాడిన ఎల్క్ మందలు పందొమ్మిదవ శతాబ్ది ముగిసేసరికి లక్షలోపుకు తగ్గిపోయినవి. మాంసం కోసం, చర్మం కోసం కొందరు చంపినారు. పై దవడలోని రెండు కోరపళ్లను గడియారపు గొలుసులకు అలంకారంగా వ్రేలాడదీసే వేడుక ఒకటి ఉండేది. ఆ రెండు పళ్ల కోసం మృగాన్ని చంపి, కళేబరాన్ని అడవిలోనే వదిలివేసినవారూ ఉన్నారు. చివరకు దేశం మేలుకొన్నది. అక్రమంగా వేటాడిన జంతువులను రాష్ట్రాల సరిహద్దులు దాటించడాన్ని 1900లో లేసీ చట్టం నిషేధించినది. 1912లో వయోమింగు రాష్ట్రంలోని జాక్సన్ పట్టణం చెంత ఎల్క్ మందల శీతకాలపు రక్షణకై ఒక జాతీయ ఆశ్రయం ఏర్పడినది. యెల్లోస్టోన్ మందల నుండి జంతువులను పట్టి, రైళ్లలో ఎక్కించి, అవి అంతరించిన రాష్ట్రాలకు పంపినారు. 1937లో పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టం వేట తుపాకులపైన, తూటాలపైన వసూలయ్యే సుంకాన్ని వన్యప్రాణుల సంరక్షణకు కేటాయించినది. ఈనాడు ఆ ఖండంలో సుమారు పది లక్షల ఎల్క్‌లు ఉన్నవంటే దాని వెనుక ఇంత చరిత్ర ఉన్నది. ఏటా ఎన్నింటిని వేటాడవచ్చునో లెక్క కట్టి, అంతవరకే చీటీలు ఇవ్వడం ఆ చరిత్రలో భాగమే. చీటీ లేకపోతే మందయే లేదు. ఈ మాటను మనం మరువరాదు.

ఇక స్థానికేతరుని అవస్థ చూడండి. ఒహాయోలోనో, మిన్నెసోటాలోనో ఉండే ఒక వడ్రంగిని ఊహించుకొందాం. శరదృతువులో వారం రోజులు కొండలలో గడపాలని అతని ముచ్చట. అందుకు అతడు చలికాలంలోనే పంచాంగం ముందు వేసుకొని కూర్చోవలసి ఉంటుంది. ఆరిజోనా, వయోమింగు దరఖాస్తులు ఫిబ్రవరి మొదట్లో, న్యూమెక్సికోది మార్చిలో, మోంటానా, కొలరాడోలవి ఏప్రిల్ తొలి దినాలలో ముగుస్తాయి. ప్రతి రాష్ట్రానికీ వేరు ఫారము, వేరు ప్రాంత సంఖ్యలు, వేరు నియమాలు. వయోమింగులో దరఖాస్తుతోనే పూర్తి రుసుము చెల్లించవలెను. ఫలితం మే మాసంలో కాని తెలియదు. చీటీ రాకపోతే దరఖాస్తు రుసుము మినహాయించి సొమ్ము తిరిగి వస్తుంది. ఆరిజోనాలో దరఖాస్తు పెట్టడానికే ముందుగా ఒక లైసెన్సు కొనవలెను. చీటీ రాకున్నా ఆ సొమ్ము రాదు. ఐడహోలో చాలా చీటీలను, ఎవరు ముందు వస్తే వారికన్న పద్ధతిలో అమ్మేవారు. డిసెంబరు 1వ తేదీ ఉదయాన వేలాదిమంది తమ కంప్యూటర్ల ముందు కూర్చొని, యంత్రం ఇచ్చిన వరుస సంఖ్యను చూచి ఉసూరుమనేవారు. ఆ బాధ భరించలేక, 2026 వేట కాలం నుండి ఆ రాష్ట్రం కూడ స్థానికేతరులకు లాటరీ పద్ధతినే ఆశ్రయించినది. ప్రపంచంలోకెల్ల పెద్ద ఎల్క్ సంపద గల కొలరాడో, విల్లంబుల వేటకు స్థానికేతరులు దుకాణంలో నేరుగా చీటీ కొనుక్కొనే వెసులుబాటును 2025 నుండి తీసివేసినది. తెరిచి ఉన్న తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోతున్నవి.

రుసుములో తారతమ్యం సరేసరి. వయోమింగులో స్థానికుడు ఎల్క్ లైసెన్సుకు 57 డాలర్లు ఇస్తే, స్థానికేతరుడు 692 డాలర్లు ఇస్తాడు. అవకాశం కొంత మెరుగుగా ఉండాలంటే ప్రత్యేకమన్న పేరుతో మరొక వరుస ఉన్నది. 2024 నుండి దాని వెల 1,950 డాలర్లు. అనగా స్థానికుడు ఇచ్చేదానికి 34 రెట్లు. అన్నీ సమకూడి చీటీ చేతికి వచ్చినదనుకొందాం. ఆ రాష్ట్రంలో నిర్జనారణ్యాలుగా కేంద్ర ప్రభుత్వం గుర్తించిన ప్రదేశాలలో స్థానికేతరుడు నడవవచ్చును, గుడారం వేసుకోవచ్చును, చేపలు పట్టవచ్చును. ఎల్క్‌ను వేటాడాలంటే మాత్రం జీతం పుచ్చుకొనే మార్గదర్శకుడో, తోడు వచ్చే స్థానికుడో వెంట ఉండవలెను. ఆ అడవి కేంద్రానిది, అనగా దేశప్రజలందరిది. తన సొంత అడవిలో తనకు అడ్డు ఏమిటని ఆ వడ్రంగి అడిగితే సమాధానం చెప్పడం సులభం కాదు.

ఈ ప్రశ్న న్యాయస్థానాలకు ఎక్కకపోలేదు. 1976లో మోంటానా స్థానికుడు ఎల్క్ లైసెన్సును 9 డాలర్లకు పొందగలిగేవాడు. స్థానికేతరునికి విడిగా ఎల్క్ లైసెన్సు ఇవ్వరు. ఇతర మృగాలతో కలిపి అమ్మే లైసెన్సును 225 డాలర్లకు కొనవలెను. మోంటానాకు చెందిన బాల్డ్విన్ అనే మార్గదర్శకుడు, మిన్నెసోటా వేటగాళ్లు కొందరు కలిసి దావా వేసినారు. ఒక రాష్ట్రపు పౌరులకు గల హక్కులు ఇతర రాష్ట్రాల పౌరులకూ ఉండవలెనని రాజ్యాంగంలో ఉన్నదికదా అని వారి వాదన. 1978లో సుప్రీంకోర్టు ఆరుగురు ఒక ప్రక్క, ముగ్గురు ఒక ప్రక్కగా తీర్పు చెప్పినది. ఎల్క్ వేట జీవనోపాధి కాదు, వినోదం. దేశం ఒక్కటిగా నిలవడానికి అవసరమైన మౌలిక హక్కులలో అది చేరదు. కనుక మోంటానా చేసినది చెల్లుతుంది అని అధిక సంఖ్యాకుల అభిప్రాయం.

ఆ తరువాత మరొక ఆశ చిగురించినది. ఆరిజోనా తన మగ ఎల్క్ చీటీలలో 10 శాతానికి మించి స్థానికేతరులకు ఇవ్వరాదని నియమం పెట్టుకొన్నది. అంతర్రాష్ట్ర వాణిజ్య సూత్రం ఈ నియమానికి వర్తిస్తుందని 2002లో ఒక ఉన్నత న్యాయస్థానం ప్రకటించినది. స్థానికేతరులు సంతోషించినారు. ఆ సంతోషం మూడేళ్లు నిలిచినది. 2005లో అమెరికా కాంగ్రెసు ఒక చట్టం చేసి, వేట విషయంలో స్థానికులకు, స్థానికేతరులకు భేదం పాటించే అధికారం రాష్ట్రాలదేనని తేల్చివేసినది.

స్థానికుని పక్షాన కూడ న్యాయం లేకపోలేదు. అతడు ఆ కొండల నడుమ ఏడాది పొడుగునా ఉంటాడు. అక్కడి చలిని భరిస్తాడు. పట్టణంలో దొరికే జీతాన్ని వదులుకొంటాడు. మంచు కురిసిన రాత్రి ఎల్క్ మంద వచ్చి మేసిపోయేది అతని గడ్డివామునే. ఆ మాంసం అతని ఇంటిలో చలికాలపు ఆహారం. వేసవి విడిదికి వచ్చినట్లు వారం రోజులు వచ్చిపోయే ధనికుడు తన బిడ్డ వాటాను కొనుక్కుపోతాడేమో అని అతని భయం. 2010లో మోంటానా ప్రజలు ఓటు వేసి, మార్గదర్శకుల ఖాతాదారులకు ప్రత్యేకించిన లైసెన్సులను రద్దు చేయడానికి ఆ భయమే కారణం. న్యూమెక్సికోలో 84 శాతం చీటీలు స్థానికులకు, 10 శాతం మార్గదర్శకునితో ఒప్పందం చేసుకొన్నవారికి, మిగిలిన 6 శాతం మాత్రమే ఏ అండా లేని స్థానికేతరునికి. మన వడ్రంగి ఆ ఆరింటిలో నిలబడవలెను.

అసలు స్థానికుడెవరన్న ప్రశ్నకు చరిత్ర మరొక జవాబు చెబుతుంది. క్రో తెగవాడైన హెర్రేరా 2014లో వయోమింగులోని బిగ్‌హార్న్ జాతీయారణ్యంలో ఎల్క్‌ను వేటాడినందుకు శిక్ష పడినది. తమ తెగ 1868లో కేంద్రంతో చేసుకొన్న ఒడంబడిక ఆ హక్కు ఇచ్చినదని అతడు వాదించినాడు. వయోమింగు రాష్ట్రంగా ఏర్పడినంత మాత్రాన ఆ ఒడంబడిక రద్దు కాలేదని 2019లో సుప్రీంకోర్టు ఒప్పుకొన్నది. స్థానికులమని చెప్పుకొనేవారికంటె ముందే అక్కడ స్థానికులున్నారన్నమాట.

ఈ విధంగా చూస్తే, తక్కువ వాటా ఇచ్చినారనీ, ఎక్కువ రుసుము అడిగినారనీ స్థానికేతరుడు చేసే ఫిర్యాదుకు బలం కొంతవరకే ఉన్నది. ఊరిబావి నీరు ముందుగా ఊరివారికి దక్కడంలో అన్యాయమేమీ లేదు. నా మనస్సును కలచినది అది కాదు. పాయింట్ల పద్ధతి అనేది ఒకటి ఉన్నది. దానిని గురించి కొంత వివరంగా చెప్పవలెను.

లాటరీలో చీటీ రానివానికి ఊరటగా ఆ ఏడాదికి ఒక పాయింటు ఇస్తారు. పాయింట్లు ఎక్కువ ఉన్నవానికి ముందు చీటీ. ఓపిక పట్టినవానికి ఫలం దక్కుతుంది. వినడానికి ఇంతకంటె ధర్మంగా ఏముంటుంది? వయోమింగులో స్థానికేతరుని ఎల్క్ చీటీలలో నాలుగింట మూడు వంతులు ఈ పద్ధతిలోనే పోతాయి. ఆ ఏడు వేట వద్దనుకొన్నవాడు కూడ 52 డాలర్లు కట్టి పాయింటు మాత్రం కొనుక్కోవచ్చును.

ఇప్పుడొక చిన్న లెక్క. ఒక అడవికి ఏటా 100 చీటీలు. ఏటా కొత్తగా 300 మంది వచ్చి చేరుతారనుకొందాం, ఎవరూ విరమించరనుకొందాం. మొదటి ఏడు వచ్చిన 300 మందికి మూడేళ్లలో చీటీలు ముట్టుతాయి. రెండవ ఏడు వచ్చినవారి వంతు నాలుగవ ఏట మొదలవుతుంది. అనగా వారు రెండేళ్లయినా ఆగవలెను. మూడవ ఏడు వచ్చినవారి వంతు ఏడవ ఏట; వారు నాలుగేళ్లు ఆగవలెను. పదవ ఏడు వచ్చినవాడు 18 ఏళ్లు, ఇరవయ్యవ ఏడు వచ్చినవాడు 38 ఏళ్లు ఆగవలెను. ఇరవై ఏళ్ల యువకుడు ఈ వరుసలో చేరితే అరవై ఏళ్ల ముసలితనంలో కొండ ఎక్కుతాడు. ఏటా ఒక మెట్టు ఎక్కుతున్నాననే అతడు అనుకొంటాడు. మెట్ల సంఖ్యయే అంతకంటె వేగంగా పెరుగుతున్నది. ఇది ఊహాగణితమే అయినా, కొలరాడోలో పేరుపొందిన కొన్ని ప్రాంతాలకు ఇరవైకి పైగా పాయింట్లు కావలసి వస్తున్న మాట వాస్తవం. ఏటా 52 డాలర్ల చొప్పున ఇరవై ఏళ్లు కట్టినవాడు 1,040 డాలర్లు కడతాడు. దానికి ప్రతిఫలంగా అతనికి దక్కినది చీటీ కాదు, నిరీక్షణ మాత్రమే.

మనలో పెద్దవారికి ఒక సంగతి జ్ఞాపకం ఉండవచ్చును. 1970లలో, 80లలో మన దేశంలో స్కూటరు కోసం, టెలిఫోను కోసం డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురు చూచేవారము. కొడుకు పెళ్లికని నమోదు చేసిన స్కూటరు మనుమడు పుట్టిన తరువాత వచ్చిన ఇళ్లూ ఉన్నవి. ఆ వరుస విసుగు పుట్టించినది కాని మోసగించలేదు. కర్మాగారం పెరిగినది; కొత్త కర్మాగారాలు లేచినవి; ఒకనాటికి ఆ వరుసయే మాయమైనది. ఎల్క్ మంద కర్మాగారం కాదు. పచ్చిక ఎంత ఉంటే మంద అంతే. ఆడ ఎల్క్ ఏటా ఒక్క పిల్లనే ఈనుతుంది. వరుస ఎంత పొడుగైనా చీటీలు పెరుగవు. తరగని వరుసలో చోటును అమ్మడం అంటే, తీర్చలేని అప్పును ఏటేటా వ్రాసుకొనిపోవడమే. ఆ అప్పు తీర్చవలసినవారు ఇంకా పుట్టని యువకులు.

దీని వలన మరొక నష్టం. ఇరవై ఏళ్లు కట్టినవాడు పద్ధతి మార్చనివ్వడు. తన సొమ్ము, తన ఓపిక బూడిద పాలవుతుందని అతని మొర. కొత్తవాడు పద్ధతి మార్చమంటాడు. ప్రభుత్వ శాఖకు పాయింట్ల ద్వారా వచ్చే ఆదాయం వదులుకోవడం కష్టం. సంరక్షణకు అవసరమైన ధనంలో పెద్ద భాగం ఈ స్థానికేతరుల రుసుముల నుండే వస్తుంది. ఈ మూడు పక్షాల నడుమ లెక్క తప్పని తెలిసినా దానిని చెరిపివేసే చేయి కనిపించదు.

న్యూమెక్సికో రాష్ట్రంలో పాయింట్లు లేవు. ఏటి లాటరీ ఆ ఏటితో సరి. నిన్న దరఖాస్తు పెట్టినవానికీ, ముప్పై ఏళ్లుగా పెడుతున్నవానికీ సమానావకాశం. స్థానికేతరునికి అక్కడ దక్కేది బహు స్వల్పమని ఇంతకుముందే చెప్పినాను. అయినప్పటికీ అందులో ఒక నిజాయితీ ఉన్నది. నీ వాటా ఇంత, నీ అదృష్టం ఇంత, రేపటికి నేనేమీ వాగ్దానం చేయడం లేదు అని ఆ రాష్ట్రం ముఖాన చెబుతున్నది. పాయింట్లు ఉన్న రాష్ట్రాలు కూడ కొన్ని చీటీలను కేవలం అదృష్టానికే విడిచిపెడుతున్నవి. వయోమింగులో మిగిలిన నాలుగవ వంతు అటువంటిదే. ఆ వంతును క్రమంగా పెంచుతూ, పాత బాకీదారుల వంతు తీర్చుకొంటూ పోతే, ఒక తరంలో ఈ ముడి విడిపోవడం అసాధ్యం కాదు. కొత్తగా వరుసలో చేరేవానికి, ఇప్పటి లెక్క ప్రకారం నీ వంతు ఎన్నేళ్లకు వస్తుందో అన్న మాటను రసీదు మీద ముద్రించి ఇచ్చినా చాలు. ఆ అంకె చూచి కూడ డబ్బు కట్టదలచినవాడు కడతాడు.

కొరత ఉన్న చోట కాదనడం తప్పు కాదు. కాదని చెప్పవలసిన చోట ఆగుమని చెప్పి, ఆగినందుకు వెల పుచ్చుకోవడం తప్పు. ఇది ఎల్క్ చీటీకి ఎంత వర్తిస్తుందో, ఉద్యోగాల జాబితాకు, ఇళ్ల స్థలాల దరఖాస్తుకు కూడ అంతే వర్తిస్తుంది. ఇంటి గుమ్మంలో నిలబడిన యాచకునికి లేదని చెబితే అతడు మరొక ఇంటికి పోతాడు. ఉండు, వస్తున్నాను అని లోపలికి పోయి పడుకొన్న గృహస్థును మన పెద్దలు క్షమించలేదు.

ఒహాయోలోని మన వడ్రంగి మాత్రం మళ్లీ ఫిబ్రవరిలో ఫారము నింపుతాడు. అతడు ఎల్క్‌ను చంపగలడో లేడో తెలియదు. చీటీ దొరికిన వేటగాళ్లలో కూడ చాలమంది వట్టి చేతులతోనే కొండ దిగుతారు. అతడు కోరుకొనేది సెప్టెంబరు తెల్లవారుజామున ఆ సన్నని కేక ఒక్కసారి చెవిన పడడం. ఆ కేక ఇంకా వినిపిస్తున్నదంటే, ఒకనాడు ఒక దేశం తనకు తాను కాదని చెప్పుకొనగలిగినందువల్లనే. పొరుగువానికి కూడ ఆ మాటను అంత సూటిగా చెప్పగలిగితే, అతని మొర సగం చల్లారుతుంది.